హిమాలయపు మంచులో వానజాడ వెదకిన హెన్రీ బ్లాన్‌ఫర్డ్

ఉగాది నాడు వేపపూత పచ్చడి నోట వేసుకుని పంచాంగ శ్రవణానికి కూర్చున్నప్పుడు, రాజెవరు మంత్రి ఎవరు అన్న ముచ్చట ముగిసిన తరువాత మనమంతా చెవి ఒగ్గి వినే మాట ఒకటి ఉన్నది. అది వానమాట. ఈ యేడు వాన ఎంత, అందులో సముద్రంలో ఎన్ని పాళ్లు, పర్వతాల మీద ఎన్ని పాళ్లు, భూమి మీద ఎన్ని పాళ్లు అని సిద్ధాంతిగారు చదువుతారు. పుట్టిన ఊరు విడిచి ఈ ధర్మపురికి వచ్చి స్థిరపడిన మనలో చాలామందికి చేతిలో మడక లేకపోయినా, ఆ మాట చెవిని పడగానే మనసు ఒక్కసారి స్వగ్రామపు పొలం గట్టు మీదికి పోయి వస్తుంది. ఇక్కడి రాగి చేనుకూ సామ చేనుకూ కూడా ఆ వానే ఆధారం. హొగెనకల్ వద్ద కావేరి ఉరకటానికీ, ఊరకుండటానికీ కూడా కొడగు కొండల మీద కురిసే నైరృతి వానలే కారణం.

సముద్రం, పర్వతం, భూమి అన్న ఆ మూడు మాటలనూ పట్టుకుని, వాటికి ఒకదానితో ఒకదానికి గల సంబంధం ఏమిటో లెక్కలు వేసి వెదకిన మహనీయుడు ఒకాయన నూటయాభై యేండ్ల క్రితం మన దేశంలో ఉద్యోగం చేశారు. ఆయన పేరు హెన్రీ ఫ్రాన్సిస్ బ్లాన్‌ఫర్డ్. భారత వాతావరణ శాఖకు మొట్టమొదటి అధిపతి. వాతావరణ శాస్త్రజ్ఞులలో ఎంత ప్రసిద్ధులో, మన పిల్లల పాఠ్యపుస్తకాలలో అంత అరుదుగా కనిపిస్తారు. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి రైల్వే గుమాస్తా అయిన నాబోటివాడు శాస్త్ర విషయం వ్రాయబూనటం సాహసమే. అయినా ఆయన కథలో మన కరువు కథ ఉన్నది, అందుకే వ్రాస్తున్నాను.

బ్లాన్‌ఫర్డ్ 1834 జూన్ 3వ తేదీన లండను నగరంలో జన్మించారు. అక్కడి గనుల విద్యాలయంలోనూ, తరువాత జర్మనీలోని ఫ్రైబెర్గులోనూ భూగర్భశాస్త్రం అభ్యసించారు. 1855లో, ఇరవై ఒక్క యేండ్ల ప్రాయంలో, అన్న విలియంతో కలసి భారత భూగర్భ సర్వే శాఖలో చేరి కలకత్తా వచ్చారు. మరుసటి యేడు ఆ అన్నదమ్ములను ఒరిస్సాలోని తాల్చేరు బొగ్గు పొరలను పరిశీలించటానికి పంపించారు. అక్కడ వారికి ఒక వింత కనిపించినది. మెత్తని ఒండ్రుమట్టి గట్టిపడి ఏర్పడిన రాతిలో, మనిషంత పెద్ద గుండ్లు ఇరుక్కుని ఉన్నవి. అంత బరువైన గుండును మోసే ప్రవాహం ఉంటే మెత్తని మట్టి అక్కడ నిలువదు. మట్టి నిలిచే నిదానపు నీరు గుండును మోయలేదు. మరి ఈ రెండూ ఒక్కచోటికి ఎట్లా చేరినవి? ఒకప్పుడు అక్కడ మంచుగడ్డ ఉండి ఉండాలి, ఆ గడ్డలే గుండ్లను మోసుకు వచ్చి కరిగి జారవిడిచి ఉండాలి అని వారు ఊహించారు.

వేసవిలో నిప్పులు చెరిగే ఒరిస్సాలో మంచుగడ్డా అని నమ్మనివారు చాలామంది. కాని 1870ల నాటికి పెన్‌గంగ ఒడ్డున, మన తెలంగాణపు సరిహద్దుకు సమీపంలోనే, మంచు ఒరుసుకుపోయినట్లు గీతలు పడిన రాతి పరుపు బయటపడినది. సుమారు ముప్పయి కోట్ల సంవత్సరాల క్రితం మన నేల దక్షిణ ధ్రువపు నేలతో కలిసి ఉండేదనీ, మంచు దుప్పటి కప్పుకుని ఉండేదనీ నేడు అందరూ అంగీకరించిన సంగతి. కనుక బ్లాన్‌ఫర్డు‌గారికి మంచుతో పరిచయం హిమాలయంలో కాదు, ఒరిస్సా ఎండలో మొదలైనదని చెప్పవచ్చు.

ఆ పిదప ఆయన మన ఈ దక్షిణాదికే వచ్చారు. నీలగిరులను పరిశీలించారు. తిరుచినాపల్లి, దక్షిణ ఆర్కాటు జిల్లాలలో తిరిగి, అరియలూరు ప్రాంతపు నేలలో దొరికే సముద్రపు గవ్వలనూ, శంఖపు ఆకారాల రాళ్లనూ బట్టి ఒకప్పుడు అక్కడిదాకా సముద్రం ఉండేదని వివరంగా వ్రాశారు. భూమి నిలకడైనది కాదు, సముద్రం వస్తుంది పోతుంది, మంచు వస్తుంది పోతుంది అన్న సత్యం ఆయన కంటికి రాళ్లలోనే గోచరించినది. ఎండలో చేసిన ఈ తిరుగుడుకు ఆరోగ్యం చెడి 1862లో సర్వే ఉద్యోగం వదలి, కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యులుగా చేరారు.

ఆయనను రాళ్ల నుండి గాలి వైపు తిప్పినది ఒక ఉపద్రవం. 1864 అక్టోబరు 5వ తేదీన కలకత్తా మీద మహా తుపాను విరుచుకుపడి వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ నెల తిరగకుండానే, నవంబరు 1వ తేదీ రాత్రి, మన బందరు పట్టణాన్ని ఉప్పెన ముంచెత్తినది. రక్తాక్షి నామ సంవత్సరపు ఆ ఉప్పెనలో సుమారు ముప్పయి వేలమంది పోయినారు. ముందుగా హెచ్చరించే ఏర్పాటు అప్పుడు దేశంలో ఎక్కడా లేదు. కలకత్తా తుపానును గురించి గాస్ట్రెల్ అనే సైనికాధికారితో కలసి బ్లాన్‌ఫర్డ్ ఒక నివేదిక తయారుచేశారు. ఓడల చిట్టాలూ, రేవులలోని బారోమీటరు లెక్కలూ కూర్చి తుపాను నడచిన దారిని చూపించారు. 1867లో బెంగాలు రాష్ట్రపు వాతావరణ రిపోర్టరు పదవి ఆయనకు లభించినది. 1875లో దేశమంతటికీ కలిపి ఒక వాతావరణ శాఖ నెలకొల్పినప్పుడు ఆయననే దానికి అధిపతిగా నియమించారు.

ఆ పదవిలో ఆయన మొదట చేసిన పని, బయటికి కనపడనిదే అయినా, చాలా గొప్పది. అప్పటికి ఒక్కొక్క రాష్ట్రానిది ఒక్కొక్క పద్ధతి. ఒకరు ఉదయం కొలిస్తే ఒకరు సాయంత్రం. ఒకరి బారోమీటరుకూ ఇంకొకరిదానికీ పొత్తు కుదరదు. అన్ని చోట్లా ఒకే రకం పరికరం, ఒకే వేళ, ఒకే పుస్తకం ఉండాలని ఆయన పట్టుబట్టి సాధించారు. అన్ని స్టేషన్లలో గడియారం ఒక్కటిగా లేకపోతే బండ్లు ఎట్లా నడవవో, కొలత ఒక్కటిగా లేకపోతే వాన లెక్కలూ అంతే కదా!

శాఖ పుట్టి యేడాది నిండిందో లేదో, దానికి అగ్నిపరీక్ష వచ్చినది. 1876లో నైరృతి వానలు దక్షిణాదిన చాలినంత కురియలేదు. తరువాతి ఈశాన్య వానలూ మొగం చాటేసినవి. మన పెద్దలు ఆ యేటి పేరు పెట్టి ధాత కరువు అని పిలిచినది దానినే. తరువాతి ఈశ్వర సంవత్సరంలోనూ అది తీరలేదు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలూ, మైసూరూ, హైదరాబాదు రాజ్యపు భాగాలూ, బొంబాయి దక్కనూ, మద్రాసు రాజధానిలో చాలా భాగమూ మాడిపోయినవి. అప్పుడు మన ధర్మపురి సేలం జిల్లాలోని తాలూకా. 1871లో ఆ జిల్లా జనాభా సుమారు 19 లక్షల 67 వేలు. 1881 లెక్కలకు అది 16 లక్షలకు దిగిపోయినది. కొందరు ఊళ్లు విడిచిపోయినారు. ఎంతోమంది లోకమే విడిచిపోయినారు. దేశంలో చనిపోయినవారు 55 లక్షలకు తక్కువ కాదని అంచనా. కరువుపనిగా కాలువలు త్రవ్వించారు. బకింగ్‌హాం కాలువలో మద్రాసు దగ్గరి భాగం అట్లా త్రవ్వినదే. అదే కాలంలో ఈ దేశపు ధాన్యం ఓడలెక్కి పరదేశాలకు పోతూనే ఉన్నదన్న మాట కూడా మరువరాదు.

కరువును విచారించటానికి ఒక కమిషను ఏర్పడి 1880లో నివేదిక ఇచ్చినది. వాన తప్పుతుందని ముందుగా చెప్పగల ఉపాయం ఏదైనా ఉన్నదా అని ప్రభుత్వం బ్లాన్‌ఫర్డును అడిగినది. ఇది మామూలు ప్రశ్న కాదు. అవునన్నా కాదన్నా దాని మీద లక్షల ప్రాణాలు ఆధారపడినవి.

మా రైల్వేలో ఒక పద్ధతి ఉన్నది. బండి ఎప్పుడు వస్తుందని ఎవరైనా అడిగితే మేము ఆకాశం వైపు చూడము. వెనక స్టేషను నుండి బయలుదేరినదా అని విచారిస్తాము. బ్లాన్‌ఫర్డ్ చేసిన పని కూడా అదే. వాన అనే బండికి వెనక స్టేషను ఏది? ఆయన చూపు హిమాలయం మీద నిలిచినది. శీతకాలంలోనూ వసంతంలోనూ వాయవ్య హిమాలయాల మీద మంచు ఎక్కువగా, ఆలస్యంగా కురిసిన యేళ్లలో, తరువాత వచ్చే వానకాలం ఉత్తర పశ్చిమ భాగాలలో సన్నగిల్లటం ఆయన లెక్కలలో కనిపించినది.

దీనికి కారణం గ్రహించటం మనకు కష్టం కాదు. వేసవిలో నేల కాగి, దాని మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. సముద్రం అంత త్వరగా కాగదు. కనుక సముద్రం మీది తడిగాలి నేల వైపు పరుగెత్తుతుంది. నైరృతి ఋతుపవనానికి ఇదే మూలమని ఎడ్మండ్ హేలీ 1686లోనే చెప్పాడు. ఇక నేల మీద మంచు పరచుకుని ఉంటే ఏమవుతుంది? మిద్దె మీద సున్నం కొడితే ఇల్లు చల్లగా ఉంటుందని మన ఇండ్లలో అందరికీ తెలుసు. కొత్తగా కురిసిన మంచు తన మీద పడిన ఎండలో నూటికి 80 పాళ్లకు పైగా తిప్పికొడుతుంది. నల్లని సముద్రం పది పాళ్లయినా తిప్పికొట్టదు, మిగిలినదంతా మింగుతుంది. ఆ తిప్పికొట్టినది పోను మిగిలిన వేడి కూడా నేలకు దక్కదు. చేపల బుట్టలో మంచుగడ్డ కరిగిపోయేదాకా బుట్ట చల్లగానే ఉండటం మా పార్శిలు ఆఫీసులలో చూస్తూనే ఉంటాము. ఒక సేరు మంచును వట్టి నీరుగా మార్చటానికి పట్టే వేడితో, అంతే నీటిని సున్న డిగ్రీల నుండి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అందుచేత మంచు ఎక్కువైన యేట కొండలు ఆలస్యంగా కాగుతాయి. చల్లని పొడిగాలి మైదానాల మీదికి దిగుతుంది. సముద్రపు గాలిని పిలిచే పిలుపు బలహీనమవుతుంది.

1882 నుండి ఆయన జంకుతూనే, పరీక్షగా, వాన సూచనలు తయారుచేయటం ఆరంభించారు. కొండ జిల్లాల అధికారుల నుండి మంచు వార్తలు తెప్పించుకున్నారు. 1884లో లండను రాయల్ సొసైటీ వారికి, హిమాలయ హిమపాతానికీ భారతదేశపు పొడిగాలులకూ అనావృష్టికీ గల సంబంధాన్ని గురించి ఒక వ్యాసం సమర్పించారు. నాలుగేండ్ల పరీక్ష తృప్తికరంగా ఉండటంతో, 1886 జూన్ 4వ తేదీన, వ్యయ నామ సంవత్సరంలో, మృగశిర కార్తె రాబోయే రోజులలో, ఇండియా బర్మాల మొత్తానికి వానకాలపు సూచన ప్రకటించారు. ఒక దేశపు ప్రభుత్వ శాఖ రాబోయే ఋతువంతటికీ సూచన ఇవ్వటం అది తొలిసారి అని చెబుతారు.

మంచు ఒక్కటే సర్వమూ అని మాత్రం ఆయన ఏనాడూ పట్టు పట్టలేదు. ఆయనలోని గొప్పతనం నా దృష్టిలో ఇదే. కరువు యేళ్లలో హిందూదేశం మీదనే గాక, దానికి ఎంతో దూరాన ఉన్న దేశాల మీద కూడా గాలి బరువు మామూలుకు మించి ఉండటం ఆయన గమనించారు. రష్యా వైపున బారోమీటరు ఎక్కినప్పుడు ఇటువైపున దిగటం, ఇటు ఎక్కినప్పుడు అటు దిగటం, త్రాసు తక్కెడల వలె జరుగుతున్నదని 1880లో వ్రాశారు. అంటే వాన బండికి వెనక స్టేషను ఒక్కటి కాదు, అది ఎన్నో దారులు కలిసే జంక్షను అని ఆయన పసిగట్టినారు. ఆ దారులన్నీ చూచి రావటానికి ఆయన చేతిలో టెలిగ్రాఫు తీగ ఉన్నది గాని, సముద్రాల మీద కొలతలు లేవు.

మన దేశీయులను కూడా ఆయన కాలంలోనే శాఖలోకి తీసుకున్నారు. 1885లో లాలా రుచిరామ్ సాహ్నీ ఆ శాఖలో అధికారిగా చేరిన తొలి భారతీయుడు. మూడు పదుల యేండ్ల పైచిలుకు సేవ తరువాత బ్లాన్‌ఫర్డ్ విశ్రాంతి తీసుకుని ఇంగ్లాండు వెళ్లారు. భారత, సింహళ, బర్మా దేశాల వాతావరణాన్ని గురించి సామాన్యులకు పనికివచ్చే పుస్తకం 1889లో ప్రకటించారు. 1893 జనవరి 23వ తేదీన, ఫోక్‌స్టన్ పట్టణంలో, యాభై యెనిమిదవ యేట కన్నుమూశారు.

ఆయన వెనుక జరిగిన కథ కూడా చెప్పక తప్పదు. తరువాత వచ్చిన జాన్ ఎలియట్ సూచనల వివరాలను బాగా పెంచారు. కాని వికారి నామ సంవత్సరంలో, 1899లో, వానలు బాగుంటాయని ఆయన చెప్పగా ఘోరమైన అనావృష్టి వచ్చినది. 1904లో గిల్బర్ట్ వాకర్ అనే గణిత పండితులు వచ్చి, హిమాలయపు మంచును ఒక గుర్తుగా ఉంచుకుంటూనే ప్రపంచమంతటి లెక్కలూ తెప్పించి పోల్చారు. పసిఫిక్ మహాసముద్రానికీ హిందూ మహాసముద్రానికీ మధ్య గాలిబరువు ఊయల వలె ఊగుతున్నదని తేల్చారు. పసిఫిక్ నడుమ నీరు వేడెక్కటాన్ని ఎల్‌నినో అంటారు. ధాత కరువు కాలంలో, 1877లో, అటువంటి వేడిమి మహోగ్రంగా ఉండినదని ఇప్పుడు తెలిసినది. మన ధర్మపురి గుడిసెలో ఆరిన పొయ్యికి కారణం హిమాలయంలోకన్న పసిఫిక్‌లోనే ఎక్కువ ఉన్నదన్నమాట.

అట్లాగని మంచు మాట అబద్ధం కాలేదు. 1976లో ఉపగ్రహాల చిత్రాలను బట్టి హాన్, శుక్లా అనే శాస్త్రజ్ఞులు ఐరోపా ఆసియాల మీద శీతకాలపు మంచు విస్తరించిన యేళ్లలో మన వానలు తగ్గే ధోరణి ఉన్నదని మళ్లీ చూపించారు. తరువాతి దశాబ్దాలలో ఆ సంబంధం కొంత సడలినదని కూడా లెక్కలు తేల్చినవి. 1997లో ఎల్‌నినో ఉగ్రరూపం ధరించినా మన దేశపు వాన నూటికి 102 పాళ్లు కురిసినది. ఒక్క గుర్తును నమ్ముకుని చేను విత్తరాదని దీని భావం.

ఇప్పుడు మంచును గురించి మరొక చింత కలిగినది. హిమాలయాల హిమానీనదాలు తరుగుతున్నవి. ఉత్తర ధ్రువ సముద్రం మీది తెల్లని మంచు తగ్గి, నల్లని నీరు బయటపడి, ఎండను మరింత మింగుతున్నది. దక్షిణ ధ్రువం చుట్టూ సముద్రం గడ్డకట్టేటప్పుడు ఉప్పును క్రిందికి త్రోస్తుంది; ఆ బరువైన చల్లని నీరు అడుగుకు దిగి మహాసముద్రాల అడుగున మెల్లగా నడుస్తుంది. అక్కడ మార్పు వస్తే ఆ నడకా మారుతుంది. నీటిలో తేలే మంచు కరిగితే సముద్రమట్టం ఇంచుమించు పెరగదు. నేల మీది మంచు కరిగితే పెరుగుతుంది. 1900 నుండి ఇప్పటికి సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. గ్రీన్‌లాండు నేల మీది మంచు మొత్తం కరిగితే సముద్రం ఏడు మీటర్లు లేస్తుందని లెక్క. అటువంటి మార్పుకు శతాబ్దాలు పట్టవచ్చు గాని, బందరు, కాకినాడల వైపు బంధువులున్న మనకు ఈ లెక్క ఊరి లెక్కే.

మొరప్పూరు నుండి మన ధర్మపురికి 1906లో వేసిన చిన్న రైలు మార్గం కరువు రోజులలో ధాన్యం చేరవేయటానికని ఉద్దేశించినదే. 1940లలో దానిని ఎత్తివేశారు. కరువు వస్తుందని ముందు తెలియటం ఒక ఎత్తు. తెలిసిన తరువాత గింజను ఆకలిగొన్నవాని ఇంటికి చేర్చటం ఇంకొక ఎత్తు. మొదటిది బ్లాన్‌ఫర్డ్ వంటివారి పని. రెండవది ప్రభుత్వాలదీ, వర్తకులదీ, మాబోటి రైల్వేవారిదీ, ఇరుగుపొరుగు అందరిదీ. 1877లో మొదటిది లేదు. రెండవది ఉండి కూడా సరిగా జరుగలేదు.

ఇప్పుడు వాతావరణ శాఖవారు ప్రతి యేటా ఏప్రిలులో, దాదాపు మన ఉగాది వేళకే, రాబోయే వానల సూచన ప్రకటిస్తున్నారు. సిద్ధాంతిగారి వానమాట విన్న చెవితోనే దానిని కూడా విని, యేడాది చివర ఎంతవరకు నిజమైనదో పిల్లలచేత ఒక పుస్తకంలో వ్రాయించండి. తన మాటను తానే యేటేటా సరిచూచుకున్న ఆ పెద్దమనిషికి అంతకన్న తగిన నివాళి లేదు. ఈ కొత్త సంవత్సరంలో సముద్రం మీద పడవలసిన పాళ్లు సముద్రం మీద, పర్వతాల మీద పడవలసినవి పర్వతాల మీద పడినా, భూమికి రావలసిన పాలు మాత్రం తప్పక వచ్చుగాక అని కోరుకుంటూ, సోదర సోదరీమణులందరికీ ఉగాది శుభాకాంక్షలు.